మూలనున్న మిషన్‌కు మళ్లీ నూనె

యాభై దాటాక కొత్త కుట్టు నేర్చుకుంటున్న బళ్లారి తెలుగింటి ఆడపడుచులు

బళ్లారి: గది మూలన పాత కుట్టుమిషన్. దానిపైన ఓ దుప్పటి. దుప్పటిపైన ఇస్త్రీకి వేయాల్సిన బట్టలు, పాత పేపర్లు, కరెంటు బిల్లుల కట్ట.. బళ్లారి నగరంలోని చాలా తెలుగిళ్లలో కనిపించే దృశ్యమిది. ఒకప్పుడు ఉగాది వస్తోందంటే, దీపావళి వస్తోందంటే అర్ధరాత్రి దాకా టకటకలాడిన మిషనే అది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. రెడీమేడ్ బట్టలు వీధివీధికీ వచ్చేశాయి. మిషన్ కాస్తా సామాన్లు పెట్టుకునే బల్ల అయిపోయింది.

ఇప్పుడు కొన్ని ఇళ్లలో ఆ దుప్పటి పక్కకు తొలగుతోంది. మిషన్‌కు మళ్లీ నూనె పడుతోంది. అయితే ఈసారి పిల్లల గౌన్ల కోసం కాదు, చిరిగిన ప్యాంటుకు అతుకు వేయడానికి అసలే కాదు. యాభై దాటిన ఇల్లాళ్లు మగ్గం వర్కు, ప్రిన్సెస్ కట్టు, కసూతి, కౌది అంటూ తమకు అలవాటు లేని కుట్లు కొత్తగా పట్టుకుంటున్నారు. వచ్చిన విద్యే అయినా మళ్లీ మొదటి నుంచి విద్యార్థులై కూర్చుంటున్నారు. ఎందుకు? దీనివల్ల వారికి ఒరిగేదేమిటి?

అవసరం నేర్పిన విద్య

ఈ తరం అమ్మలు కుట్టు నేర్చుకున్న తీరే వేరు. ఎస్సెస్సెల్సీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూసే సెలవుల్లో పక్కవీధి అక్క దగ్గర చేరడం, పాత న్యూస్‌పేపరు మీద లంగా, రైక కటింగు గీసుకోవడం, ఆ తర్వాత అమ్మ పాత చీరను కోసి చూడటం.. ఇదీ వరస. ఉష, మెరిట్, సింగర్.. ఏదో ఒక మిషన్ కన్నవారింటి నుంచి సారె సామాన్లతోపాటు అత్తారింటికి వచ్చిన సందర్భాలూ ఎన్నో. ఆడపిల్ల చేతిలో ఓ విద్య ఉంటే రేపు ఎవరి ముందూ చేయి చాచక్కర్లేదన్నది పెద్దల ఆలోచన.

బళ్లారి ప్రాంతంలో ఈ విద్యకు సరిహద్దు లేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్లాయి. బళ్లారితోపాటు మిగతా తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిశాయి. గీత మారింది గానీ చుట్టరికాలు మారలేదు. ఆదోనిలో పుట్టి బళ్లారిలో మెట్టినవారు, బళ్లారిలో పుట్టి రాయదుర్గంలో కాపురముంటున్నవారు నేటికీ ఉన్నారు. వాళ్లతోపాటే బొంత కుట్టే పద్ధతి, పావడాకు అంచు వేసే పద్ధతి, కాజా కుట్టే ఒడుపు అటూ ఇటూ తిరిగాయి.

మొదట్లో ఇష్టంగానే నేర్చుకున్నారు. తొలిసారి తాను కుట్టిన రైకను తానే తొడుక్కున్న రోజు ఎవరికీ మరపురాదు. ఒక పక్క చేయి బిగుతు, మరో పక్క లూజు అయినా ఆ రైకను వదలబుద్ధి కాదు. తర్వాత పెళ్లి, కాపురం, పిల్లలు. అక్కడి నుంచి కుట్టు రూపం మారింది.

ఇష్టం చాకిరీ అయిన వేళ

ఇంట్లో మిషన్ ఉందని తెలిస్తే చాలు, పనులు వెతుక్కుంటూ వస్తాయి. ఆడబిడ్డ చీరకు ఫాల్, మరిది ప్యాంటు పొడవు తగ్గింపు, పొరుగింటావిడ రైక వదులు చేయడం, గుమ్మాలకు కర్టెన్లు, దిండ్లకు గలీబులు. 'కాస్త ఈ కుట్టొకటి వేసిపెట్టమ్మా, అయిదు నిమిషాల పనేగా' అనే మాట వినని కుట్టుమనిషి ఉండదు. ఆ అయిదు నిమిషాల్లో పాత కుట్టు ఊడదీయడానికే అరగంట పడుతుందని అడిగేవారికి తెలియదు. డబ్బు తీసుకుంటే మొహమాటం, తీసుకోకపోతే నడుం నొప్పి!

ఇలా ఇరవై, ముప్పై ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసుకుంటే, కుట్టిందంతా ఇతరుల కోసమే. అందులోనూ ఎక్కువ భాగం మరమ్మతులే. కొత్తగా ఏదైనా చేసిన గుర్తు ఉండదు. చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కకపోవడం ఓ సాకు మాత్రమే. అసలు సంగతి, ఆ పనిలో ముచ్చట ఎప్పుడో పోయింది.

బళ్లారిలో దీనికి ఇంకో కారణమూ ఉంది. ఇది జీన్స్ ఊరు. ఇళ్లలో, చిన్నచిన్న షెడ్లలో జీన్స్ ప్యాంట్ల కుట్టుపని సాగుతుంది. సరిహద్దు దాటితే రాయదుర్గంలోనూ ఇదే పని. ఈ పనిలో ఒకరు జేబులు కుడితే ఇంకొకరు జిప్పు వేస్తారు, మరొకరు బెల్టు పట్టీలు. కూలి పీసుకింత అని లెక్క. వేగమే ముఖ్యం. రోజంతా జేబులు కుట్టిన మనిషి చేతిలో ఒక్క ప్యాంటూ మొదటి నుంచి చివరిదాకా పూర్తికాదు. కుటుంబాలను నిలబెట్టిన పని ఇది, కాదనలేం. కానీ గుడ్డను చూసి 'దీంతో ఏం చేద్దాం?' అని ఆలోచించే అవకాశం అందులో ఉండదు. ఆలోచన కటింగు మాస్టర్‌ది, చేతులు మాత్రం కుట్టేవారివి.

కొక్కెం సూదితో కొత్త పాఠం

మళ్లీ ఆశ పుట్టించిన వాటిలో మొదట చెప్పుకోవాల్సింది మగ్గం వర్కు. పెళ్లిళ్లలో పట్టుచీర ఎంత ఖరీదైనదైనా ఇప్పుడు చూపంతా రైక మీదే. చేతుల మీద, వీపు మీద పూసలు, కుందన్లు, జర్దోసీ తళుకులు. బొటిక్‌లో కుట్టిస్తే వేలల్లో బిల్లు. అలా బిల్లు కట్టిన ఓ అమ్మకు 'ఇదేదో మనమే చేసుకోలేమా?' అన్న ఆలోచన రావడం సహజం.

పేరులో మగ్గం ఉన్నా నేత మగ్గంతో దీనికి సంబంధం లేదు. గుడ్డను నాలుగు వైపులా లాగి బిగించే చెక్క చట్రాన్నే ఇక్కడ మగ్గం అంటున్నారు. అసలు పరికరం ఆరీ సూది. ఆరీ అంటే తోలు కుట్టే సూది. గుజరాత్‌లోని కచ్ ప్రాంతంలో తోలుపని చేసే మోచీలు ఈ కొక్కెం సూదినే గుడ్డ మీదకు తెచ్చి అందమైన పనితనం చూపారు. ఆ కొక్కెమే ఈవేళ బళ్లారి పెళ్లిళ్ల రైకల మీద పూలు పూయిస్తోంది.

కొత్తగా నేర్చుకునే ఆ ఇల్లాలు పేరు ఏదైనా కావచ్చు. కౌల్‌బజారులో ఉండొచ్చు, సత్యనారాయణపేటలో ఉండొచ్చు, గాంధీనగర్‌లోనూ ఉండొచ్చు. నలభై ఏళ్లుగా సూది పట్టిన చేయి కదా, నాలుగు రోజుల్లో వచ్చేస్తుందనుకుని వెళుతుంది. మొదటి రోజే గర్వం దిగిపోతుంది! ఎందుకంటే మామూలు సూదికి, ఆరీకి అన్నీ తిరగేసిన లెక్కలే. మామూలు సూదిలో దారం ఎక్కించి గుడ్డలోంచి మొత్తం లాగుతాం. ఆరీలో దారం ఎక్కించేదే లేదు. దారం గుడ్డ కింద ఎడమ చేతిలో ఉంటుంది. కుడి చేత్తో పైనుంచి కొక్కెం దింపాలి. కింద దారాన్ని కొక్కేనికి చుట్టి అందించాలి. సూదిని కొద్దిగా తిప్పి, దారాన్ని ఉచ్చులా పైకి లాగాలి. ఆ ఉచ్చులోంచే మళ్లీ సూది దించి రెండో ఉచ్చు లాగాలి. ఇలా ఒకదానిలో ఒకటి దూరుతూ గొలుసు తయారవుతుంది.

చదవడానికి తేలికే. చేతికి రావడమే కష్టం. తిప్పడంలో కాస్త తేడా వస్తే కొక్కెం గుడ్డ పోగునే పట్టి లాగేస్తుంది. గుడ్డ వదులుగా ఉంటే సూది దిగదు. ఎడమ చేయి ఏం చేస్తోందో కంటికి కనిపించదు, వేళ్లకే తెలియాలి. వారం రోజులు ఒకే గీత. ఒక్కటీ తిన్నగా రాదు. పక్కన ఇరవై ఏళ్ల అమ్మాయి చకచకా ఆకు, పువ్వు వేసేస్తుంటే 'మనవల్ల కాదులే' అనిపించడం ఇక్కడే. చాలామంది ఆగిపోయేదీ ఇక్కడే.

ఆగనివారికి రెండో వారంలో ఓ సంగతి తెలిసొస్తుంది. చేయి కొత్తదే గానీ కన్ను పాతది. ఏ గుడ్డ సాగుతుంది, ఏది సాగదు, పట్టు మీద సూది గుచ్చితే రంధ్రం నిలిచిపోతుందా, పూడుతుందా, బరువైన పూసలు కుడితే మెడ దగ్గర గుడ్డ జారుతుందా.. ఇవన్నీ ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు. రైక అయ్యాక కుట్టు ఎక్కడ పడుతుందో ముందే తెలుసు కాబట్టి పూలను కుట్టు గీతకు అర అంగుళం ఇవతలే ఆపుతుంది. పని వేగంగా చేసే అమ్మాయి ఆ లెక్క తప్పితే, రైక కుట్టేటప్పుడు మిషన్ సూది పూసకు తగిలి పుటుక్కుమంటుంది. అప్పుడు క్లాసులో అందరూ ఆమె దగ్గరికే వస్తారు. పాత విద్య వృథా కాలేదన్న తృప్తి ఆ క్షణంలో కలుగుతుంది.

ఇంకో తమాషా. గొలుసుకుట్టు చివర ముడి బిగించకపోతే ఒక్క కొస లాగితే చాలు, వరస మొత్తం సర్రున ఊడిపోతుంది. మిషన్ కుట్టు అలా ఊడదు. పైన సూది దారం, కింద బాబిన్ దారం ఒకదాన్నొకటి గుడ్డ మధ్యలో పెనవేసుకుంటాయి. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో, ఐజాక్ సింగర్ 1851లో పేటెంట్లు పొందిన మిషన్లలోని కిటుకు ఇదే. సూది మొన దగ్గరే రంధ్రం ఉండటం వల్ల ఇది సాధ్యమైంది. నలభై ఏళ్లు మిషన్ తొక్కినా ఈ సంగతి ఆలోచించని వాళ్లు, ఆరీ పట్టాక తమ పాత మిషన్ షటిల్ విప్పి మరీ చూస్తున్నారు. కొత్త కుట్టు పాత కుట్టునే కొత్తగా చూపించిందన్నమాట.

కటింగులో కొత్త లెక్కలు

అందరికీ మగ్గం నచ్చాలని లేదు. కొందరికి కటింగే ప్రాణం. పాత రోజుల్లో నేర్చుకున్నది నాలుగు డాట్ల రైక. ఛాతీ, నడుము, భుజం, చంక కొలతలు తీసుకుని పేపరు కటింగు పెట్టి కోసేయడమే. ఇప్పుడు కూతుళ్లు, కోడళ్లు అడిగేది ప్రిన్సెస్ కట్టు. ఇందులో డాట్లు కనిపించవు. చంక దగ్గర నుంచో, భుజం దగ్గర నుంచో బయలుదేరిన కుట్టు ఛాతీ మీదుగా నడుము దాకా వంపు తిరుగుతూ దిగుతుంది. డాటులో మడిచే గుడ్డనే ఇక్కడ కోసి తీసేస్తారు. ముందు భాగం ముక్కలు ముక్కలవుతుంది. వంపు ఉన్న ముక్కను ఇంకో వంపు ముక్కకు కలపాలి. ఒక ముక్క లోపలికి వంగితే మరొకటి బయటికి వంగి ఉంటుంది. పిన్నులు పెట్టుకుని, వంపు దగ్గర చిన్న గాట్లు పెట్టి కుడితేనే ముడత రాదు.

దీని దగ్గర అనుభవజ్ఞులకూ చేయి వణికేది గుడ్డ ఖరీదు వల్లే. ధర్మవరం పట్టో, మొళకాల్మూరు పట్టో కోసేశాక తప్పు జరిగితే అతికేది కాదు. అందుకే మంచి టైలర్లు చెప్పే మాట.. ముందు కోరా గుడ్డతోనో, పాత దుప్పటి ముక్కతోనో ఒక ఉత్తుత్తి రైక కుట్టి తొడిగి చూడండి. ఎక్కడ లాగుతోందో, ఎక్కడ ముడత పడుతోందో దానిమీదే గీసుకోండి. ఆ గీతలే అసలు గుడ్డకు కొలత. మన అమ్మలు ఎప్పుడూ ఇలా చేయలేదు. గుడ్డ వృథా అనుకునేవారు. నిజానికి పట్టుగుడ్డ పాడవడంతో పోలిస్తే ఆ పాత దుప్పటి ముక్క ఎంత?

లైనింగ్ గుడ్డ సంగతీ అంతే. కొన్న వెంటనే కోసి కుట్టేస్తే మొదటి ఉతుకులో లైనింగ్ కుంచించుకుపోతుంది. పైగుడ్డ అలాగే ఉంటుంది. రైక లోపలి నుంచి లాగినట్టు ముడతలు పడుతుంది. ముందే నీళ్లలో నానబెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేసి కోయాలి. మెడకు వేసే పైపింగ్ పట్టీని గుడ్డకు ఐమూలగా కోస్తేనే వంపు దగ్గర చక్కగా తిరుగుతుంది. ఐమూలగా కోసిన గుడ్డ సాగుతుంది కాబట్టి. ఇవన్నీ ఎప్పటి నుంచో చేతికి తెలిసినవే. ఇప్పుడు కారణంతో సహా తెలుస్తున్నాయి.

'హొలిగె'నా.. ఓళిగా?

సరిహద్దు ఊళ్లలో కొత్త విద్య నేర్చుకోవడంలో ఇంకో సరదా ఉంది. గురువు కన్నడ మాట్లాడుతుంది, శిష్యురాలు తెలుగులో ఆలోచిస్తుంది, మిషన్ భాగాల పేర్లన్నీ ఇంగ్లిషు, అలంకారాల పేర్లన్నీ ఉర్దూ! సూది కన్నడంలో సూజి. దారం దార. కత్తెర కత్తరి. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు. కుట్టును కన్నడంలో హొలిగె అంటారు. దీర్ఘం తీసి హోళిగె అంటే మన రాయలసీమ ఓళిగ, అదే బొబ్బట్టు. కొత్త కోడలిని 'హొలిగె బరుత్తా?' అని అడిగితే పప్పు నానబోసిందంటూ నవ్వుకునే హాస్యం బళ్లారి తెలుగిళ్లలో చెల్లుతుంది.

హాస్యం అటుంచితే, ఈ నేల మీద ఉన్నవారికి కలిసొచ్చే అదృష్టం ఒకటుంది. ఇరుగుపొరుగు కుట్లన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. ధార్వాడ ప్రాంతపు కసూతినే తీసుకోండి. ఇళకల్ చీరల మీద, పెళ్లికూతురి నల్ల చంద్రకాళి చీర మీద గోపురాలు, రథాలు, ఏనుగులు, పల్లకీలు, తులసికోటలు వేసే పనితనమిది. భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఇందులో ప్రధానంగా నాలుగు కుట్లు. గవంతి, ముర్గి, నేయ్గె, మెంతె. నేయ్గె అంటే నేత. చూడటానికి నేసినట్టే ఉంటుంది. మెంతె మన మెంతి గింజే, అడ్డంగా దాటే కుట్టు.

కసూతి పెట్టే పరీక్ష ఏమిటంటే, గుడ్డ మీద ముందుగా బొమ్మ గీసుకోరు. పోగులు లెక్కపెట్టుకుంటూ పోవాలి. ముడి వేయకూడదు. గవంతిలో ఒక్కో కుట్టు వదిలేస్తూ ముందుకు వెళ్లి, తిరిగి వస్తూ ఆ ఖాళీలు నింపాలి. అలా చేస్తే గుడ్డకు పైనా, కిందా ఒకేలా కనిపిస్తుంది. ఒక్క పోగు లెక్క తప్పినా రథం చక్రం వంకర తిరుగుతుంది. ముప్పై ఏళ్లుగా వేగంగా మిషన్ తొక్కిన కాళ్లకు ఇది బ్రేకు వేసినట్టే. కూర్చున్న గంటలో వేలెడు బొమ్మ రాకపోవచ్చు. అయినా ఆ గంటసేపు మనసు మరో చోటికి పోదు. లెక్క తప్పుతుంది కాబట్టి పోనివ్వదు!

బళ్లారి జిల్లాలోనే ఉన్న సండూరు లంబాణీ కుట్టుకు ప్రసిద్ధి. మనవైపు సుగాలీలు, లంబాడీలు అనే తండాల మహిళలదే ఈ విద్య. అద్దాలు, గవ్వలు, రంగు రంగుల దారాలతో చేసే ఈ పనికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జులైలో హంపీలో జీ20 సాంస్కృతిక బృందం సమావేశం జరిగినప్పుడు సండూరు కుశల కళా కేంద్రం మహిళలు తయారుచేసిన 1,755 లంబాణీ వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇది ఆ మహిళల బతుకుతెరువు కూడా. నేర్చుకోవాలనుకునేవారు నేర్పినవారికి తగిన ఫీజు ఇవ్వడం, ఆ పనిని తమదిగా చెప్పుకోకుండా ఎవరిదో చెప్పడం మర్యాద.

బొంత కుట్టిన చేతులు

ఇన్ని కొత్త పేర్ల మధ్య ఓ పాత పేరు మళ్లీ వినిపిస్తోంది. అదే బొంత. కన్నడంలో కౌది. చిరిగిన చీరలు, పంచెలు పొరలుగా పరిచి, పైన రంగు ముక్కలు అతికి, వరసగా దూసుకుట్టు వేస్తే బొంత. రాయలసీమ పల్లెల్లో బొంత లేని ఇల్లు ఉండేది కాదు. రగ్గులు వచ్చాక పేదరికానికి గుర్తుగా చూసి పక్కన పడేశారు. ఇప్పుడు అదే కుట్టును పట్టణాల దుకాణాల్లో వేలకు అమ్ముతున్నారు. అమ్మమ్మలు మాత్రం తమకు వచ్చిన పనిని నామోషీగా దాచుకున్నారు!

ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ మహిళలు తమ బొంతను కవంద్ అంటారు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. నాలుగు మూలలా గుడ్డను మడిచి పువ్వుల్లా కుడతారు. వాటిని ఫూల్ అంటారు. ఆ పువ్వులు లేకపోతే కవంద్ ఒంటిమీద బట్ట లేనట్టేనని వారి భావన. ఎవరూ చూడని మూలకు కూడా పువ్వు కుట్టాలనే పట్టింపు అది. బొంత కుట్టడం వచ్చిన తెలుగు అమ్మలు ఆ మూల పువ్వు ఒక్కటి నేర్చుకున్నా చాలు, పాత బొంత కొత్తగా కనిపిస్తుంది.

పైగా బొంతకు కొలతల భయం లేదు. గుడ్డ ఖరీదు లేదు. పోయిన వారి చీరలు, పిల్లల చిన్ననాటి గౌన్లు పెట్టెల్లో మూలుగుతుంటాయి. పారేయబుద్ధి కాదు, కట్టుకునేవారు లేరు. వాటిని ముక్కలుగా చేసి మనవళ్లకు బొంత కుడితే ఆ ఇంటి నాలుగు తరాలూ ఒక్క దుప్పట్లో చేరతాయి. ఏ ముక్క ఎవరిదో చెప్పగలిగేది మాత్రం ఆ అమ్మమ్మ ఒక్కతే. ఆ చేయి ఆగకముందే కూతుళ్లు, మనవరాళ్లు పక్కన కూర్చోవాల్సిన అవసరం అందుకే.

డబ్బు మాటేమిటి?

చేతిలో పని ఉంటే నాలుగు డబ్బులు రావడం మంచిదే. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని కూడా ఉంది. శిక్షణ కాలంలో రోజుకు రూ.500 భృతి, పనిముట్లకు రూ.15 వేల విలువైన ఓచరు, 5 శాతం వడ్డీపై మొదట లక్ష, తర్వాత 2 లక్షల రూపాయల వరకు రుణం ఈ పథకంలో పొందుపరిచారు. కుటుంబంలో ఒక్కరికే వర్తిస్తుంది. సొంతంగా ఈ వృత్తి చేసుకుంటున్నవారే అర్హులు. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకంతో మహిళలకు బస్సు చార్జీల భారం తప్పింది. పల్లె నుంచి బళ్లారికో, హొసపేటకో క్లాసుకు వెళ్లాలనుకునేవారికి ఇది చిన్న ఊరట కాదు.

అయితే ఇక్కడో చిక్కుంది. పని బాగుందని పేరొస్తే ఆర్డర్లు వస్తాయి. ఆర్డర్లు వస్తే గడువులు వస్తాయి. పెళ్లి ముహూర్తాల కాలంలో నిద్రలు ఉండవు. బొటిక్ వాళ్లు పీసుకింత అని పని ఇస్తామంటారు. మళ్లీ పాత కథే మొదలు! ఇష్టంతో తెరిచిన మిషన్ మీద మళ్లీ దుప్పటి పడటానికి ఎక్కువ కాలం పట్టదు. అందుకే కొందరు తెలివిగా హద్దు పెట్టుకుంటున్నారు. నెలకు ఇన్నే రైకలు అని ముందే చెప్పేస్తున్నారు. చుట్టాలైనా సరే, దారం, పూసల ఖర్చుతోపాటు కూర్చున్న గంటలకూ లెక్క కడుతున్నారు. 'ఊరికే కుట్టిపెట్టు' అంటే నవ్వుతూనే కాదంటున్నారు. ఆ కాదనడం నేర్చుకోవడం ఆరీ సూది తిప్పడం కంటే కష్టమన్నది అందరికీ తెలిసిందే.

అన్నింటికంటే ముఖ్యంగా, కొత్తగా నేర్చుకున్న కుట్టుతో మొదటి రైక తమ కోసమే కుట్టుకుంటున్నారు. ఇన్నేళ్లలో ఇంటిల్లిపాదికీ కుట్టి, తనకు మాత్రం మిగిలిన ముక్కలతో సరిపెట్టుకున్న మనిషి ఆమె. తన పట్టుచీరకు తాను వేసుకున్న నాలుగు పూలు వంకరగా ఉన్నా ఫర్వాలేదు. వచ్చేసారి తిన్నగా వస్తాయి. వచ్చేసారి ఇంకోటి కుట్టాలనిపించడమే ఆ పూలు చేసిన మేలు.

మళ్లీ మొదలుపెట్టాలనుకుంటున్నారా?

* ముందు మిషన్ శుభ్రం చేయించండి. షటిల్ దగ్గర పేరుకున్న దూది తీసి, మిషన్ ఆయిల్ మాత్రమే వేయండి. వంట నూనె వేస్తే జిగట కట్టి బిగుసుకుపోతుంది.

* సూది మార్చండి. ఏళ్ల నాటి సూది మొండిదై ఉంటుంది. పల్చటి పట్టుకు 11, మామూలు నూలుకు 14, మందపు గుడ్డకు 16 నంబరు సరిపోతుంది.

* కళ్ల పరీక్ష చేయించుకున్నాకే సన్న పని మొదలుపెట్టండి. కుడిచేతివాటం వారికి వెలుతురు ఎడమ పక్క నుంచి పడాలి. అరగంటకోసారి లేచి దూరంగా చూడండి, నడుం తిప్పండి.

* మోకాళ్ల నొప్పులుంటే తొక్కుడు మిషన్‌కే చిన్న మోటారు బిగించుకోవచ్చు. మిషన్ మార్చక్కర్లేదు.

* ఒకేసారి నాలుగు విద్యలు వద్దు. మగ్గమో, కటింగో, కసూతో ఒక్కటే పట్టుకోండి. రోజూ ఒక గంట చాలు.

* మొదటి నెల పాత గుడ్డ మీదే. పట్టు జోలికి వెళ్లొద్దు. తప్పిన ముక్కల్ని పారేయకండి, వెనుక తారీఖు రాసి దాచండి. మూడు నెలల తర్వాత వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోండి.

* వీలైతే ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి. కూతురైనా, కోడలైనా, పక్కింటి కన్నడ అక్కయైనా సరే. ఇద్దరైతే మానేయడం కష్టం!